24 అంగుళాల రెడీమేడ్ కిల్ట్‌ను పొట్టి చేయాలంటే కింద నుంచా, పై నుంచా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. గ్లాస్గోలో చదువుకుంటున్నారు. స్కాటిష్ స్నేహితుడి పెళ్ళికి ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు రెడీమేడ్ కిల్ట్ కొన్నారు. కిల్ట్ అంటే స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకు చుట్టి కట్టుకునే గళ్ళ పావడా. నడుము 34, పొడవు 24 అంగుళాలు. మీ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. కట్టుకుంటే మోకాళ్ళు మునిగిపోయి పిక్కల దాకా వస్తోంది. కింద నాలుగైదు అంగుళాలు కత్తిరించి మెషిన్ మీద కుట్టించేయవచ్చా అని మీ సందేహం. పెళ్ళికి ఇంకా మూడు వారాలుంది.

సూటిగా చెబుతాను. కత్తెర పెట్టకండి. వెనక మడతలు విప్పకుండా మెషిన్ మీద అసలే కుట్టించకండి. ముందు కిల్ట్‌ను బొడ్డు పైదాకా ఎత్తి కట్టుకుని చూడండి. మీరు చెబుతున్న అదనపు పొడవులో సగం పైగా అక్కడే మాయమవుతుంది. మిగిలిన ఒకటిన్నర, రెండు అంగుళాల సంగతి గుడ్డను బట్టి తేల్చాలి. బరువైన ఉన్ని అయితే నడుము వైపు నుంచి తగ్గించాలి, అది తెలిసినవాళ్ళ పని. పాలియెస్టర్ విస్కోస్ లాంటి తేలికపాటి గుడ్డయితే కింద అంచును లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేసుకోవచ్చు, ఓపిక ఉంటే మీరే చేసుకోగలరు.

నేను ఎడిన్‌బరోలో బట్టల ఆల్టరేషన్ పని చేస్తాను. సూట్లు, పెళ్ళి గౌన్లతో పాటు కిల్ట్‌లు కూడా ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఇలా ఆన్‌లైన్‌లో కొన్న 24 అంగుళాలవే. రెడీమేడ్ కిల్ట్‌లు చాలావరకు ఆ ఒక్క పొడవులోనే దొరుకుతాయి. ఆరడుగుల మనిషికి అది సరిపోతుంది. మనలో చాలామందికి సరిపోదు.

కట్టే చోటు సంగతి

మనవాళ్ళు కిల్ట్‌ను జీన్స్ ప్యాంటు నిలిచే చోట, అంటే తుంటి ఎముకల మీద కట్టుకుంటారు. కిల్ట్ కట్టాల్సింది అక్కడ కాదు. దాని పై అంచు బొడ్డు దగ్గరో, ఒకటి రెండు అంగుళాలు పైనో ఉండాలి. కింది అంచు మోకాలి చిప్ప మధ్యకు రావాలి, లేదా చిప్ప పై అంచును తాకాలి. ఈ రెండిట్లో ఏది సరైనదని ఇక్కడ ఇద్దరు ముసలివాళ్ళను అడిగితే సాయంత్రం దాకా వాదించుకుంటారు. మోకాలి కిందికి దిగకూడదన్న దగ్గర మాత్రం వాదన లేదు.

మీ ఎత్తుకు ఒక లెక్క చూద్దాం. 165 సెంటీమీటర్ల మనిషికి బొడ్డు నేల నుంచి సుమారు 99 సెంటీమీటర్ల ఎత్తులో, మోకాలి చిప్ప మధ్యభాగం సుమారు 46 దగ్గర ఉంటాయి. 24 అంగుళాలంటే 61 సెంటీమీటర్లు. జీన్స్ చోట, అంటే బొడ్డుకు మూడు అంగుళాల కింద కడితే కింది అంచు మోకాలి చిప్ప మధ్య నుంచి దాదాపు ఆరు అంగుళాలు దిగుతుంది. మీరు పిక్కల దాకా అన్నది ఇదే. బొడ్డు దగ్గర కడితే ఆ ఆరు మూడవుతుంది. ఇంకో అంగుళం, అంగుళంన్నర పైకి లాగితే ఒకటిన్నర నుంచి రెండు మిగులుతుంది. ఒళ్ళు అందరిదీ ఒకలా ఉండదు కాబట్టి మీ కొలత మీరే తీసుకోండి. కానీ మీరు తగ్గించాల్సింది ఐదు అంగుళాలు కాదని ఈపాటికి తేలిపోయి ఉండాలి.

కొలిచేటప్పుడు నిటారుగా మోకాళ్ళ మీద నిలబడండి, పిరుదులు మడమలకు ఆనించకుండా. కిల్ట్ అంచు నేలకు ఒక అంగుళం పైన ఆగితే చాలా మంచి పొడవు. నేలను మెల్లగా తాకినా పరవాలేదు. నేల మీద గుడ్డ కుప్ప పడితే తగ్గించాలి. పక్కన ఎవరైనా ఉండి చూడాలి. మీరే వంగి చూసుకుంటే వంగినప్పుడల్లా అంచు లేస్తుంది, దిగుతుంది, కొలత తప్పుతుంది. అలాగే పెళ్ళిరోజు వేసుకునే చొక్కా, బెల్టు, పొడవాటి ఉన్ని మేజోళ్ళు అన్నీ వేసుకునే కొలవండి.

ఇక్కడే ఇంకో చిక్కు బయటపడుతుంది. జీన్స్ సైజు 34 అని మీరు 34 కొన్నారు. బొడ్డు దగ్గర మీ చుట్టుకొలత 34 కాకపోవచ్చు. కాస్త పొట్ట ఉన్నవాళ్ళకు అది 36, 37 కూడా ఉంటుంది. అప్పుడు కిల్ట్ పైకి రాదు, రాక తుంటి మీదికి జారి కూర్చుంటుంది, పొడవుగా కనిపిస్తుంది. నా దగ్గరికి "పొడవు తగ్గించండి" అని వచ్చినవాళ్ళలో చాలామందికి కావలసింది బకిల్ జరపడమే. ఒకబ్బాయి గ్రాడ్యుయేషన్‌కని తెచ్చిన కిల్ట్‌కు పట్టీలు రెండంగుళాలు వదులు చేసి, బొడ్డు పైన కట్టి పంపించాను. కింద ఒక్క కుట్టు కూడా పడలేదు.

కింద ఎందుకు కత్తిరించకూడదు

మంచి కిల్ట్‌కు కింద హెమ్మింగ్ ఉండదు. మీ కిల్ట్ అంచును తిప్పి చూడండి. మడత లేకుండా, పోగులు ఊడకుండా గట్టిగా నేసిన అంచు కనిపిస్తే అది మగ్గం మీద వచ్చిన నేత అంచు, సెల్వెడ్జ్. టార్టన్ (రంగురంగుల గళ్ళ) గుడ్డను కిల్ట్ కోసం నేసేటప్పుడు ఆ అంచే నేరుగా మోకాలి మీదికి వచ్చేలా నేస్తారు. అది కత్తిరించారంటే మళ్ళీ తెచ్చిపెట్టలేం.

రెండో కారణం మందం. కిల్ట్ వెనక భాగమంతా ప్లీట్లే, అంటే కుచ్చిళ్ళలా వరసగా పెట్టిన మడతలే. పూర్తిస్థాయి కిల్ట్‌కు ఎనిమిది గజాల గుడ్డ పడుతుంది, అంటే ఏడు మీటర్ల పైమాట. అందులో ఎక్కువ భాగం ఈ ప్లీట్లలోకే పోతుంది. వెనక ఏ చోట వేలు పెట్టినా కనీసం మూడు పొరలుంటాయి. అంచు మడిస్తే అవి ఆరవుతాయి. గజానికి 16 ఔన్సుల ఉన్ని ఆరు పొరలు పేర్చి ఇస్త్రీ చేసి చూడండి. ప్లీట్లు కిందికి జారకుండా బయటికి ఎగదన్నుకుంటాయి. నడిచేటప్పుడు వెనక ప్లీట్లు ఊగాలి, కిల్ట్ అందమంతా అక్కడే ఉంది. బరువైన గుడ్డకు అంచు మడిస్తే ఆ ఊగు పోతుంది.

ఒకాయన ఊళ్ళో ఎక్కడో కుట్టించుకుని నా దగ్గరికి తెచ్చాడు. ప్లీట్లు విప్పకుండానే, అన్ని పొరలనూ కలిపి మెషిన్ మీద ఒకే గీతగా కుట్టేశారు. ప్లీట్ల నోళ్ళు మూసుకుపోయాయి. మనిషి అడుగు వేయాలంటే గోనెసంచిలో కాళ్ళు పెట్టినట్టుంది. కుట్లు విప్పితే సూది రంధ్రాలు వరసగా మిగిలాయి. ఉన్ని కాబట్టి ఆవిరి పడితే కొన్ని మూసుకున్నాయి. అదే పాలియెస్టర్ అయితే జన్మలో పోవు.

ఉన్ని కిల్ట్ అయితే: పై నుంచి

మీది ఉన్ని అని లేబుల్ మీద ఉంటే ఈ భాగం చదవండి, మీరే చేయడానికి మాత్రం కాదు, ఎవరికి ఇచ్చినా ఏం అడగాలో తెలియడానికి.

నడుము పట్టీ, తోలు పట్టీలు, బకిళ్ళు, లైనింగ్ పైభాగం అన్నీ విప్పాలి. పైన కావలసినంత గుడ్డ తీసేసి, అరంగుళం కుట్టుకు వదిలి, పట్టీ తిరిగి వేయాలి. వినడానికి ప్యాంటు నడుము సరిచేసినంత సులువుగా ఉంది కదా. ఇబ్బంది ఏమిటంటే కిల్ట్ వెనక నడుము నుంచి తుంటి దాకా ప్లీట్లను కలిపి కుట్టిన భాగం ఒకటుంటుంది, దాన్ని ఫెల్ అంటారు. అక్కడ ప్రతి ప్లీటూ పైన సన్నగా, కిందికి వచ్చేకొద్దీ వెడల్పుగా ఉంటుంది. పైన రెండంగుళాలు తీసేస్తే ఆ సన్నని భాగమే పోతుంది, నడుము పెద్దదవుతుంది. వెనక భాగం రెండంగుళాలు పెరిగిందనుకుందాం. 24 ప్లీట్లుంటే ఒక్కో ప్లీటులో 2 మిల్లీమీటర్లు లోపలికి తీసుకోవాలి, గళ్ళ నమూనా చెదరకుండా. ఇది గంటలో అయ్యే పని కాదని ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది.

అంతటితో అయిపోదు. ఫెల్ సాధారణంగా మొత్తం పొడవులో మూడో వంతు ఉంటుంది, 24 అంగుళాల కిల్ట్‌కు సుమారు 8. పైన రెండు తీస్తే ఆరే మిగులుతుంది. ప్లీట్లు పిరుదుల వెడల్పు భాగానికి పైనే విచ్చుకుంటాయి, వెనక గొడుగులా లేస్తుంది. అందుకని ప్రతి ప్లీటు కుట్టునూ చేత్తో ఇంకో అంగుళం, అంగుళంన్నర కిందికి పొడిగించాలి. బకిళ్ళ చోటు మారుతుంది. ఎడమవైపు లోపలి పట్టీ బయటికి వచ్చే చీలిక ఒకటుంటుంది, దాన్ని మూసి కొత్తది చేయాలి. చేత్తో కుట్టిన కిల్ట్‌లలో ఫెల్ లోపల అదనపు గుడ్డ కత్తిరించి కాన్వాస్ వేసి ఉంటుంది కాబట్టి, లోపల ఏముందో తెలియనివాళ్ళు విప్పితే తిరిగి కూర్చోపెట్టలేరు.

రెండంగుళాల దాకా పై నుంచి తగ్గించడం న్యాయమైన పని. అంతకు మించితే మొత్తం విప్పి కొత్తగా కుట్టడమే. నేనైతే అప్పుడు కిల్ట్ అమ్మేసి సరైన పొడవుది కొనమంటాను. చవక కిల్ట్‌కు ఈ పని చేయించినా అంతే, కూలి కిల్ట్ ధరను దాటిపోతుంది.

తేలిక గుడ్డ అయితే: కింద మడత

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు కొన్నానన్నారు కాబట్టి మీది పాలియెస్టర్ విస్కోసో, అక్రిలిక్కో అయి ఉండవచ్చు. గుడ్డ పల్చన, ప్లీట్లు కూడా తక్కువ, కాబట్టి మడత మందం అంత బాధించదు. 10, 11 ఔన్సుల తేలిక ఉన్నికి కూడా తప్పనిసరైతే ఇలా చేయవచ్చు.

మొదట ప్లీట్ల ఇస్త్రీ తీసేయాలి. ఫెల్ కుట్లు ముట్టుకోవద్దు. దాని కింద వేలాడే భాగాన్ని మాత్రం ఆవిరి పట్టి విప్పి, అంచు పొడవునా గుడ్డ ఒకే పొరగా పరుచుకునేలా చేయండి. బల్ల మీద కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోవాలి.

తగ్గించాల్సిన పొడవును లోపలికి ఒక్కసారే మడవండి, కత్తిరించకుండా. నేత అంచు ఉంటే అది లోపలికి పోతుంది, పోగులు ఊడవు కాబట్టి చీర ఫాల్ కుట్టేటప్పటిలా రెండో మడత అక్కర్లేదు. నేత అంచు లేక కోసిన అంచు ఉంటే ఓవర్‌లాక్ వేయించండి. రెండు అంగుళాల లోపు మడత చక్కగా కూర్చుంటుంది. గీత గీయడానికి చాక్ వెతుక్కోనక్కర్లేదు, టార్టన్‌లో అడ్డంగా పోయే చార ఏదో ఒకటి మీకు కావలసిన చోటికి దగ్గరలో ఉంటుంది. దాని వెంబడే మడవండి. పావు అంగుళం అటో ఇటో అయినా చార వెంబడి మడిస్తేనే కంటికి ఇంపుగా ఉంటుంది. చారకు అడ్డంగా వాలిన అంచు పది అడుగుల దూరం నుంచి కూడా పట్టిచ్చేస్తుంది.

గుండుసూదులు పెట్టి, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోండి. ఆ తరువాత హెరింగ్‌బోన్ కుట్టు (చేపముల్లులా అడ్డంగా దాటుతూ పోయే చేతికుట్టు) వేయండి, ఎంబ్రాయిడరీ తెలిసినవాళ్ళు ఇంట్లో ఉంటే వీడియో కాల్‌లో ఐదు నిమిషాల్లో నేర్పుతారు. బయటి గుడ్డలో ఒకటి రెండు పోగులే సూదికి ఎక్కాలి. దారం లాగి బిగించకండి. బిగిస్తే బయట చిన్న చిన్న గుంటలు పడతాయి.

రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ప్లీటులో లోపలికి పోయే మడత దగ్గర అంచును 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తండి. లేకపోతే నిలబడ్డప్పుడు లోపలి పొరలు కింద నుంచి తొంగిచూస్తాయి. ముందువైపు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు చదునైన పొరలను ఏప్రన్‌లు అంటారు. వాటిలో లోపలిదాన్ని కూడా అంతే, చివర అరంగుళం పైకి ఉండేలా చూడండి. ఇక బయటి ఏప్రన్ కుడి అంచున కుచ్చు ఉంటుంది. మడతలోకి పోయే భాగంలో ఆ కుచ్చు పోగులను కత్తిరించేయండి, లేకపోతే అక్కడ రెండు కుచ్చులు ఒకదాని మీద ఒకటి పడి గుబురుగా కనిపిస్తాయి. ఈ పని మొత్తంలో నేను కత్తెర వాడమనేది ఈ ఒక్క చోటే.

మెషిన్ మీద బ్లైండ్ హెమ్ (కుట్టు బయటికి కనబడని హెమ్మింగ్) వేసే దుకాణం ఉంటే, గుడ్డ ఇలా ఒకే పొరగా విప్పి ఉన్నప్పుడు వేయించుకోవచ్చు. ప్లీట్లు మూసి ఉండగా ఎవరినీ సూది దించనివ్వకండి.

పిల్లల కిల్ట్‌లకు, హైలాండ్ నృత్యం (స్కాట్లండ్ సంప్రదాయ నృత్యం) చేసే పిల్లల వాటికి, ఎదిగేకొద్దీ విప్పుకోవడానికి ముందే మడతలు పెట్టి ఉంచుతారు. మన ఇళ్ళలో పరికిణీకి మడత వేసి ఏడాదికొకసారి దించినట్టే. కాబట్టి కిల్ట్‌కు మడత అపచారం అని ఎవరైనా అంటే నమ్మకండి. గుడ్డ మందం ఒప్పుకుంటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇస్త్రీ దగ్గరే సగం పని

కుట్టడం కన్నా ప్లీట్లను తిరిగి పెట్టడం కష్టం. ముందు అంచు మడతను ఒకే పొరగా ఉండగానే ఇస్త్రీ చేయండి. తరువాత ఒక్కో ప్లీటునూ టార్టన్ నిలువు చార వెంబడి మడుచుకుంటూ, పక్క ప్లీటు చారతో కలిసేలా సర్దండి. పాత మడత గీతలు లీలగా ఉంటాయి, అవే దారి చూపిస్తాయి. అంచుకు దగ్గరగా ఒక వరస, మధ్యలో ఒక వరస కచ్చా కుట్లు వేసి ప్లీట్లను కదలకుండా బిగించండి. తడి గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెను ఎత్తి ఎత్తి నొక్కండి, రాయకండి. రాస్తే ప్లీట్లు వంకరపోతాయి. రాత్రంతా చదునుగా ఆరనిచ్చి, పొద్దున కచ్చా కుట్లు తీయండి.

అక్రిలిక్ అయితే తక్కువ వేడి మీదనే చేయండి. ఎక్కువైతే గుడ్డ మెరుపు తేలుతుంది, ఇంకా ఎక్కువైతే కరుగుతుంది. లోపలి ఏప్రన్ మూలన ఒకసారి పరీక్షించి మొదలుపెట్టండి. అక్రిలిక్‌లో ప్లీట్లు ఉన్నిలో నిలిచినంత కాలం నిలవవని ముందే తెలిసి ఉండటం మంచిది, పెళ్ళిరోజు పొద్దున మరోసారి నొక్కాల్సి వస్తుంది.

నడుము విషయం

కిల్ట్ వదులైనా, బిగుతైనా పట్టీలు, బకిళ్ళు జరిపి అటూ ఇటూ రెండంగుళాల దాకా సర్దవచ్చు. ఆ పైన జరిపితే ఏప్రన్ మధ్యలో ఉండదు. వదులు ఎక్కువైనప్పుడు బయటి ఏప్రన్ అంచు కుడి తుంటి దాటి వెనక్కి పోతుంది, ఎడమవైపు ప్లీట్లు ముందుకు వస్తాయి. ముందు నుంచి చూస్తే చదునైన గుడ్డే కనబడాలి, ప్లీటు కనబడిందంటే సైజు తప్పు. అలాంటిదాన్ని ఆల్టరేషన్‌కి ఇవ్వడం కన్నా వెనక్కి పంపి మార్పించుకోండి. అందుకే కుట్టు వేయడానికి ముందే నడుము చూసుకోమంటున్నాను. ఒక్క కుట్టు పడినా దుకాణంవాళ్ళు వెనక్కి తీసుకోరు.

మీకు మూడు వారాలే ఉంది కాబట్టి ఇంకో మాట. స్కాట్లండ్‌లో కిల్ట్ అద్దెకు ఇచ్చే దుకాణాలు చాలా ఉన్నాయి. మీ పొడవుకు సరిపడా కిల్ట్, జాకెట్, స్పోరన్ (ముందువైపు వేలాడే సంచి), మేజోళ్ళు, బూట్లు అన్నీ కలిపి ఇస్తారు. మీది పై నుంచి తగ్గించాల్సిన ఉన్ని కిల్ట్ అయితే ఈసారికి అద్దెకు తీసుకుని, దీన్ని తీరిగ్గా చేయించుకోవడమే తెలివైన పని. పెళ్ళిళ్ళ రోజుల్లో కిల్ట్ కుట్టేవాళ్ళెవరూ ఇంత తక్కువ వ్యవధిలో ఒప్పుకోరు. అద్దె కిల్ట్ పొడవైతే దుకాణంలోనే చెప్పి మార్పించుకోండి, దానికి మీరు మడత వేయకండి.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి టైలర్‌తో చేయించవచ్చా అని కూడా అడగవచ్చు మీరు. కింద మడతకైతే నిక్షేపంగా చేయించవచ్చు. స్కూలు యూనిఫాం స్కర్టులు కుట్టేవాళ్ళకు ఈ రకం ప్లీట్లు కొట్టినపిండి. మూడు మాటలు మాత్రం గట్టిగా చెప్పండి. కత్తిరించవద్దు, ప్లీట్లు విప్పకుండా కుట్టవద్దు, బొగ్గు ఇస్త్రీపెట్టె నేరుగా ఆనించవద్దు.

మడత వేశాక కిల్ట్ పిన్ను ఒక్కటి మిగులుతుంది. కింది అంచు పైకి జరిగింది కాబట్టి పిన్ను కూడా పైకి జరపాలి, కుడివైపు అంచుకు దగ్గరగా. బయటి ఏప్రన్‌కు మాత్రమే గుచ్చండి. రెండు పొరలకూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు గుడ్డ చిరగవచ్చు. మేజోళ్ళ పై అంచు మోకాలి చిప్పకు రెండు మూడు వేళ్ళ కింద ఆగేలా మడవండి, మోకాలు కొంచెం కనబడాలి.

పెళ్ళి వేరే ఊళ్ళో అయితే కిల్ట్‌ను సూట్‌కేసులో నలుచదరంగా మడిచి పెట్టకండి. ప్లీట్లన్నీ సర్ది, నిలువునా చాపలా చుట్టి, పాత మేజోడు ఒకటి పాదం కత్తిరించి ఆ చుట్టకు తొడగండి. దిగాక వెంటనే తీసి, క్లిప్పులున్న హ్యాంగరుకు నడుము వైపు నుంచి తగిలించి, స్నానాల గది ఆవిరిలో అరగంట ఉంచితే ముడతలు చాలావరకు పోతాయి.